ఆపిల్ పెట్టెలో గద్ద: దెబ్బతిన్న అడవి ప్రాణిని డాక్టరు దాకా చేర్చే పద్ధతి

నాకు వరంగల్‌లో ఒక ఈకో వ్యాన్ ఉంది. పొద్దునా సాయంత్రం బడి పిల్లల ట్రిప్పులు, మధ్యలో దొరికితే చిన్నాచితకా బాడుగలు. పదకొండేళ్లుగా అదే బండిలో దెబ్బ తగిలిన గద్దలను, గుడ్లగూబలను, ఉడుములను, నెమళ్లను ఫారెస్టు వాళ్లు చెప్పిన చోటికి చేరుస్తున్నాను. ఈ పని కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు ఈమధ్య చాలామంది ఫోన్ చేసి అడుగుతున్నారు. అందరికీ మంచి మనసుంది. కానీ ఆ ప్రేమే కొన్నిసార్లు ప్రాణి మీదికి తెస్తోంది. నిమురుతారు, నోట్లో నీళ్లు పోస్తారు, పాలు పట్టిస్తారు, పక్కన పెట్టుకుని సెల్ఫీ దిగుతారు. వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చిందంతా ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాను.

ఒక్క సంగతి ముందుగా బుర్రకెక్కించుకోండి. అడవి ప్రాణి కళ్లకు మనం దాన్ని తినడానికి వచ్చినవాళ్లం. మీ చేతిలో పిట్ట కదలకుండా కూర్చుందంటే మిమ్మల్ని నమ్మిందని అనుకోకండి, భయంతో బిగుసుకుపోయింది. మీరు నిమిరిన ప్రతిసారీ దాని గుండె ఇంకాస్త అదురుతుంది. గాయంతో బతకగలిగిన ప్రాణులు కూడా ఆ భయంతో పోతాయి. వైద్యం డాక్టరు చూసుకుంటారు. మన పని దాన్ని చీకట్లో, చప్పుడు లేకుండా, తగినంత వెచ్చగా ఉంచి వీలైనంత త్వరగా డాక్టరు ముందు దించడం. అంతకు మించి చేయబోయినప్పుడే ఎక్కువగా పాడుచేస్తాం.

ఫోన్ వచ్చినప్పుడు

నేను అడిగే మొదటి ప్రశ్న, "దాని చుట్టూ ఇప్పుడు ఎంతమంది ఉన్నారు?" నేను చేరేలోపు అక్కడున్నవాళ్లు చేయగలిగిన అతిపెద్ద మేలు దూరంగా జరగడం. కుక్కల్ని, పిల్లుల్ని రానివ్వకుండా చూసుకోమంటాను. పిట్ట అయితే పైన ఒక గంపో అట్ట పెట్టో బోర్లించమంటాను. లొకేషన్, దూరం నుంచి తీసిన ఫోటో ఒకటి పంపమంటాను.

రెండో ఫోన్ నేను చేసేది ఫారెస్టు వాళ్లకు. ఇది మర్యాద కోసం కాదు, చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం అడవి ప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది మన చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో, అధికారం ఉన్న అధికారికో చెప్పాలి. నా మాట అడిగితే 48 గంటలు కాదు, బండి ఎక్కించకముందే చెప్పండి. మీ రేంజ్ ఆఫీసర్ నంబరు, బీట్ ఆఫీసర్ నంబరు ఇప్పుడే ఫోన్‌లో వేసుకోండి. జిల్లా దాటి తీసుకెళ్లాల్సి వస్తే వాళ్ల దగ్గర కాగితం తీసుకోండి, కనీసం వాట్సాప్‌లో మెసేజ్ అయినా పెట్టించుకోండి. రాత్రి పదకొండుకు చెక్‌పోస్టు దగ్గర పెట్టెలో గుడ్లగూబ కనబడితే, మీ ఉద్దేశం మంచిదని నిరూపించేది ఆ ఒక్క మెసేజే. గుడ్లగూబలను క్షుద్రపూజల కోసం అమ్మేవాళ్లు ఉన్నారు కాబట్టి పోలీసులు అనుమానించడంలో తప్పు లేదు.

కనుమ నాటి గద్ద

నాలుగేళ్ల కిందట కనుమ సాయంత్రం భద్రకాళి చెరువు వైపు నుంచి ఒక పిల్లాడు ఫోన్ చేశాడు. "అన్నా, గద్ద కింద పడి కొట్టుకుంటాంది. రెక్కకు మాంజా చుట్టుకున్నది. జర తొందరగ రారాదే." నేను వెళ్లేసరికి ఇరవై మంది గుమిగూడి ఉన్నారు. ఒకాయన చెంబుతో నీళ్లు పట్టుకుని వంగుతున్నాడు. "కాకా, నీళ్లు వద్దే, పది అడుగులు వెనక్కి జరుగు" అన్నాను. ఇంకో అబ్బాయి దారం కొస పట్టుకుని మెల్లగా లాగుతున్నాడు. చేయి పట్టుకుని ఆపాను.

గద్ద వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ పైకెత్తి ఉంది. చచ్చిపోతోంది అనుకుంటారు చూసినవాళ్లు. నిజానికి అది యుద్ధానికి సిద్ధంగా ఉంది. గద్ద ఆయుధం ముక్కు కాదు, గోళ్లు. కంటి మీద పల్చటి పాల రంగు పొర ఒకటి ముందు మూల నుంచి వెనక్కి జారి మళ్లీ తెరుచుకుంటోంది. అది పక్షులకు ఉండే మూడో రెప్ప. దాని వెనక ఆ గోధుమరంగు కన్ను నన్నే చూస్తోంది. భుజం నుంచి మణికట్టు దాకా రెక్క ముందంచులో సాగే పలుచని చర్మం ఉంటుంది. ఆకుపచ్చ నైలాన్ దారం దాన్ని కోసుకుంటూ లోపలికి దిగి, చర్మం అంచున సన్నటి ఎర్ర గీతలా కనబడింది. ఈ చర్మం తెగితే పిట్ట ఎగరలేదు, అందుకే దాని విషయంలో ఇంత జాగ్రత్త.

ఇలాంటప్పుడు దారం లాగకూడదు, లాగితే రంపంలా కోస్తుంది. కత్తెరతో గాయానికి రెండు వైపులా జానెడు వదిలి కత్తిరించండి. లోపలి ముక్క తీయడం డాక్టరు పని. నేను నూలు దుప్పటి ముక్క దాని తల మీదుగా వేశాను. కన్ను కప్పగానే సగం గింజులాట ఆగిపోతుంది. తర్వాత వెనక నుంచి రెండు చేతులతో రెక్కలు ఒంటికి ఆనేలా పట్టుకుని, చిటికెన వేళ్లతో కాళ్లు అదుపు చేసి ఎత్తాను. అంత రెక్కలున్న పక్షి కిలో చక్కెర పొట్లం కన్నా తేలిక, మొదటిసారి పట్టుకున్నవాళ్లు ఆశ్చర్యపోతారు.

రొమ్ము మాత్రం నొక్కకండి. పక్షికి మనలా ఊపిరి తీసే డయాఫ్రం ఉండదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. గట్టిగా పట్టుకుంటే ముక్కు మూయకుండానే ఊపిరి ఆగిపోతుంది. ఇంకొకటి, ఈకల్లోంచి చదునైన ఈగలు వచ్చి మీ చొక్కాలోకి దూరవచ్చు. గద్దలకు, పావురాలకు అవి మామూలే. కంగారుపడి పట్టు వదలకండి.

రక్తం కారుతుంటే శుభ్రమైన నూలు గుడ్డతో ఐదు నిమిషాలు ఎత్తి చూడకుండా అదిమిపట్టండి. మట్టి ఎక్కువగా ఉంటే సెలైన్‌తో పైపైన కడగవచ్చు. అయితే భుజం దగ్గరి ఎముక విరిగి బయటికి కనబడుతుంటే ఒక్క చుక్క కూడా పోయకండి. ఆ ఎముక బోలుగా ఉంటుంది, ఊపిరి గాలి సంచులతో కలిసి ఉంటుంది, నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. పసుపు, కొబ్బరినూనె, ఆయింట్‌మెంట్ ఏదీ పూయకండి. జిడ్డు అంటిన ఈక వానను ఆపదు, చలిని ఆపదు. ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర అసలు ఇవ్వకండి. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా ఒంట్లోకి చేరి మన దేశపు రాబందులు కుప్పకూలాయి. మూడు జాతులు 95 శాతానికి పైగా తగ్గిపోయాక 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు.

నీళ్ల గురించి

ఇది రాయడం నాకు కష్టం. ఈ పని మొదలుపెట్టిన ఏడాది, వడ్డేపల్లి చెరువు దగ్గర అద్దానికి గుద్దుకుని పడిన లకుముకి పిట్టను తెచ్చాను. మే నెల. నోరు తెరిచి రొప్పుతోంది. దాహం అనుకున్నాను. సిరంజితో రెండు చుక్కలు, తర్వాత ఇంకో రెండు చుక్కలు నోట్లో వేశాను. అది తల విదిల్చింది, ముక్కులోంచి బుడగ వచ్చింది, నా అరచేతిలోనే మెడ వాలిపోయింది. ఆ నీలం రంగు వీపు ఇంకా వెచ్చగా ఉంది. తర్వాత ఒక పశువైద్యుడు తెరిచి చూపించారు. పక్షి నాలుక మొదట్లోనే గాలి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. మనం పోసిన నీళ్లు అందులోకి పోతాయి. నేను దాన్ని నీళ్లలో ముంచి చంపాను.

అప్పటి నుంచి నా నియమం ఒక్కటే. డాక్టరు చెప్పేదాకా నోట్లో ఏమీ వేయను. నీళ్లు, పాలు, బ్రెడ్డు, అన్నం, మాంసం ఏదీ వద్దు. పక్షులకు పాలు అరగవు. పెద్ద పక్షి కొన్ని గంటలు తినకపోతే చావదు. ఎండదెబ్బ తిన్న పిట్టని నీడలో, గాలి ఆడే చోట పెట్టి, పక్కన చిన్న మూతలో నీళ్లు ఉంచండి, తాగగలిగితే అదే తాగుతుంది. బండి కదిలేముందు ఆ మూత తీసేయండి, ఒలికితే పిట్ట తడిసి చలికి వణుకుతుంది.

పెట్టె

పంజరం వద్దు. ఊచలకు కొట్టుకుని ఈకలు విరుగుతాయి, పైగా చుట్టూ ఉన్నవాళ్లంతా కనిపిస్తారు. గద్దకు, గుడ్లగూబకు నాకు నచ్చింది పండ్ల మార్కెట్లో దొరికే ఆపిల్ పెట్టె. అట్ట గట్టిగా ఉంటుంది, పక్కన చేతి కన్నాలు ముందే ఉంటాయి, పని అయ్యాక పారేయొచ్చు. ఇంకో నాలుగైదు కన్నాలు కింది వైపు పొడవండి, పిట్ట లోపల లేనప్పుడే. పెట్టెలో పిట్ట నిలబడి తిరగగలగాలి, రెక్క విప్పగలిగేంత చోటు ఉండకూడదు.

కింద న్యూస్ పేపర్ మాత్రమే వేస్తే కాళ్లు జారి చీలిపోతాయి. టర్కీ టవల్ వేస్తే గోళ్లు పోగుల్లో చిక్కుకుంటాయి. గోనె సంచి మడిచి వేయండి, పట్టు దొరుకుతుంది. చలికాలం రాత్రి అయితే వేడి నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన మాత్రమే పెట్టండి. వేడి ఎక్కువైతే అది ఇంకో పక్కకి జరగాలి. ఎండాకాలం దీని అవసరమే రాదు. ఒక పెట్టెలో ఒక్క ప్రాణి, దాని తోబుట్టువులైన పిల్లలైతే తప్ప. గద్దనీ చిలుకనీ ఒకే ట్రిప్పులో తీసుకెళ్లాల్సి వస్తే ఒకటి ముందు, ఒకటి వెనక.

బండిలో

ఇది నా సొంత పని కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. పెట్టెను సీటు మీద పెట్టకండి, బ్రేక్ వేస్తే బోర్లా పడుతుంది. రెండు సీట్ల మధ్య నేల మీద పెట్టి, రెండు వైపులా గొంగళ్లు దూర్చండి. కారు డిక్కీలో పెట్టకండి, అక్కడ గాలి ఆడదు, వేడెక్కుతుంది. ఏసీ ఉంటే బండిని ముందే చల్లబరిచి, గాలి నేరుగా పెట్టెకు తగలకుండా తిప్పండి. బైక్ మీద అయితే వెనక కూర్చున్నవాళ్లు పెట్టెను ఒళ్లో పెట్టుకోవాలి, హ్యాండిల్‌కు తగిలించకూడదు.

పాటలు బంద్. ఫోన్ స్పీకర్ బంద్. హారన్ తప్పనప్పుడే. బండిలో ఉన్నవాళ్లు మాట్లాడుకోకూడదు. గొంతు తగ్గించినా అది మనిషి గొంతే.

ఎముక విరిగినవి కొన్నిసార్లు హైదరాబాదు పంపాల్సి వస్తుంది. హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా జాతీయ రహదారి 163. జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా మామూలుగా రెండున్నర గంటల్లో దాటతాను. పిట్ట ఉంటే మూడు గంటలు అనుకుంటాను. స్పీడు బ్రేకరు వందగజాల ముందే వేగం తగ్గిస్తాను. పొద్దున ఐదింటికే బయలుదేరితే ఎండ, ట్రాఫిక్ రెండూ తప్పుతాయి. టోల్ గేటు దగ్గర ఎవరైనా "ఏముందన్నా, చూపించు" అంటే మూత తీయకండి. ఫారెస్టు మెసేజ్ చూపించండి. దారిలో టిఫిన్‌కు ఆగితే ఒకరు బండిలోనే ఉండాలి, అద్దాలు దించి, నీడలో. మూసిన బండి ఎండలో పది నిమిషాలు ఉంటే చాలు, లోపలున్నది బతకకపోవచ్చు.

"బతికి ఉందో లేదో చూద్దాం" అని చాలామందికి చేయి దురద పెడుతుంది. నాకూ పెట్టింది. మూత తీసిన ప్రతిసారీ దానికి మనిషి ముఖం, వెలుతురు మళ్లీ కొత్తగా మీద పడతాయి. బండి ఆపి, పెట్టెకు చెవి ఆనించి వినండి. గోనె మీద గోళ్ల గీకుడు వినబడితే చాలు. వినబడకపోయినా మీరు చేయగలిగింది త్వరగా చేర్చడమే.

వీటి జోలికి వెళ్లకండి

కోతి, కొండముచ్చు, నక్క, ముంగిస, గబ్బిలం. వీటిని కొత్తవాళ్లు చేత్తో తాకొద్దు. రేబిస్ భయం ఉంది. కరిచినా గీరినా వెంటనే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టండి, డోసులన్నీ పూర్తి చేయండి. ఈ పని క్రమం తప్పకుండా చేసేవాళ్లయితే ముందుగానే రేబిస్ టీకా వేయించుకోవడం మంచిది. పాములకు శిక్షణ ఉన్నవాళ్లే రావాలి. మన రాష్ట్రంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లు ఉన్నారు, లేదంటే ఫారెస్టు వాళ్లను పిలవండి.

రోడ్డు మీద జింక పడితే ఫారెస్టు టీమ్ వచ్చేదాకా కళ్లకు గుడ్డ కప్పి, జనాన్ని తరిమి, అది పొట్ట నేలకు ఆనించి కూర్చున్నట్టు ఉంచండి, పక్కకు పడిపోనివ్వకండి. తరిమి పట్టుకోకండి. భయంతో గింజుకున్న జింక కండరాలు లోలోపలే చెడిపోయి, గాయం చిన్నదైనా రెండు మూడు రోజుల తర్వాత కూడా చనిపోవచ్చు.

కొంగ కంటికి గురిపెట్టి పొడుస్తుంది. నేను హెల్మెట్ అద్దం దించుకునే పట్టుకుంటాను. పొలాల దగ్గర నెమలి కాళ్లు చచ్చుబడి, నోట్లో చొంగ కారుతూ దొరికితే పురుగుమందు తగిలి ఉండవచ్చు. అక్కడి గింజలు కొన్ని కవర్లో వేసి డాక్టరుకు ఇవ్వండి. ఒకేచోట నాలుగైదు కాకులో కొంగలో చచ్చి కనబడితే తాకకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డ సంగతి గుర్తుండే ఉంటుంది.

వేసవిలో నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా అసలు దెబ్బే తగలని పిల్లల గురించి. పొట్టి తోకతో నేల మీద గెంతుతున్న గోరింక పిల్ల ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి పక్క కొమ్మ మీదే ఉంటుంది. పిల్లి రాకుండా పొద మీద పెట్టి వచ్చేయండి. ఈకలు రాని పిల్ల అయితే గూట్లో తిరిగి పెట్టండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. గూడు చెదిరిపోతే చిన్న వెదురు గంపలో ఎండుగడ్డి వేసి అదే కొమ్మకు కట్టి, దూరం నుంచి రెండు గంటలు చూడండి. ఉడుత పిల్లలకూ ఇంతే, తల్లి నోట కరుచుకుని తీసుకుపోతుంది.

చీటీ

పెట్టె మీద స్కెచ్ పెన్‌తో రాయండి: ఎక్కడ దొరికింది, ఏ రోజు ఎన్ని గంటలకు, ఏమైంది, మనం ఏం చేశాం, ఎవరి ఫోన్ నంబరు. "ఏమీ ఇవ్వలేదు" అన్నది కూడా రాయండి, డాక్టరుకు అది ముఖ్యం. ఊరి పేరు మాత్రమే రాస్తే సరిపోదు, "ఫలానా గుడి వెనక రావిచెట్టు కింద" అని రాయాలి. ఒకసారి మూడు చేతులు మారిన పైడికంటె అనే చిన్న గుడ్లగూబ చీటీ లేకుండా ఒక చోటికి చేరింది. నెలకు బాగైంది, కానీ ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఆ గుడ్లగూబలు జంటగా ఒకే చెట్టు తొర్రను పట్టుకుని ఉంటాయి. దాని జత దగ్గరికి దాన్ని చేర్చలేకపోయామన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పగించాక డాక్టరుకు రోజూ ఫోన్ చేయకండి. వారానికి ఒక మెసేజ్ చాలు. ఇక ఎగరలేదు, నొప్పి తగ్గదు అనుకున్నప్పుడు డాక్టరు మందు ఇచ్చి ప్రాణం పోనివ్వాలని నిర్ణయిస్తే గొడవపడకండి. ఆ నిర్ణయం వాళ్లకూ తేలిక కాదు. కనుమ నాటి గద్ద మాత్రం అదృష్టవంతురాలు. నరం తెగలేదు, కుట్లు పడ్డాయి, ఏడు వారాలకు అదే చెరువు దగ్గర వదిలాం. మూత తెరిచి మేం వెనక్కి జరిగాం. అది పెట్టె అంచు మీద నిలబడి రెండు నిమిషాలు గాలి చూసుకుంది, మా వైపు చూడనైనా లేదు, అలా లేచిపోయింది.

ఇంటికి వచ్చాక గోనె సంచి బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి ఎండేయండి, పెట్టె పారేయండి. మరుసటి పొద్దున నా బండిలో పిల్లలు కూర్చుంటారు కాబట్టి నేను నేల కూడా కడిగి ఆరబెడతాను.

సంక్రాంతికి మాత్రం ముందే సిద్ధంగా ఉండాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జులైలోనే నైలాన్, సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించినా అది ఇంకా అమ్ముడవుతూనే ఉంది. భోగికి రెండు రోజుల ముందు నేను నాలుగు ఆపిల్ పెట్టెలు తెచ్చి కన్నాలు పొడిచి పెట్టుకుంటాను. పండగ అయ్యాక పొడవాటి వెదురు కర్రకు కొక్కెం కట్టుకుని, మా వాడకట్టు పిల్లలతో కలిసి కరెంటు తీగలకు దూరంగా ఉన్న చెట్ల కొమ్మలకు వేలాడే దారం తీస్తాను. నైలాన్ కుళ్లదు, ఉగాది నాటికీ అలాగే ఉంటుంది. తీసిన దారాన్ని ఉండ చుట్టి అలా పడేయకండి. కత్తెరతో బెత్తెడు ముక్కలుగా కత్తిరించి సీసాలో వేసి మూత బిగించాకే చెత్త బండికి ఇవ్వండి.